చుట్లు రెట్టింపు చేశాను, లాగే బలం తగ్గింది. ఎక్కడ తప్పు?

తలుపుగడియ | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బీరువా తలుపుకు బటన్ నొక్కితే తెరుచుకునే గడియ ఒకటి సొంతంగా చేస్తున్నాను. సోలినాయిడ్ (కరెంటు ఇస్తే అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) ఇనుప కడ్డీని లోపలికి లాగాలి, కడ్డీతో పాటు గడియ వెనక్కి రావాలి. కదలాల్సిన దూరం 5 మిల్లీమీటర్లే. గడియ స్ప్రింగును మొదట కదిలించడానికి 170 గ్రాముల బరువంత బలం కావాలని స్ప్రింగ్ త్రాసుతో కొలిచి చూసుకున్నాను.

తీగ చుట్టే ప్లాస్టిక్ బాబిన్ పొడవు 40 మి.మీ. గొట్టం బయటి వ్యాసం 14, లోపలి వ్యాసం 12.5. కడ్డీ 12 మి.మీ. మెత్తటి ఉక్కు, పొడవు 60. మొదట 0.3 మి.మీ. ఎనామెల్ తీగతో ఐదు వరసలు, మొత్తం 600 చుట్లు చుట్టాను. 12 వోల్టులు ఇస్తే 1.67 ఆంపియర్లు తీసుకుంది. లాగిన బలం 110 గ్రాములు. చాలలేదు.

చుట్లు పెంచితే బలం పెరగాలి కదా అని శనివారమంతా కూర్చుని దాని మీదే ఇంకో 600 చుట్లు చుట్టాను. ఇప్పుడు 90 గ్రాములే వస్తోంది! చుట్టిన దిశ మారలేదు, రెండుసార్లు సరిచూశాను. పొరల మధ్య షార్టు లేదు. అయస్కాంత క్షేత్రం చుట్ల సంఖ్యకు అనులోమానుపాతంలో ఉంటుందని పాఠ్యపుస్తకం చెబుతోంది. నా బాబిన్ ఆ పుస్తకం చదవలేదేమో.

స్పార్కు | ఆదివారం, రాత్రి 9:52

ఇప్పుడు కరెంటు ఎంత తీసుకుంటోంది?

తలుపుగడియ | ఆదివారం, రాత్రి 9:58

0.75 ఆంపియర్లు. కాయిల్ నిరోధం 16 ఓమ్‌లకు కాస్త తక్కువ చూపిస్తోంది. మొదట్లో 7.2 ఉండేది.

టికటిక | ఆదివారం, రాత్రి 10:15

నాకైతే రెండో పొర ఎదురు దిశలో చుట్టారనే అనుమానం. లేదా బ్యాటరీ తీగలు తారుమారు చేసి చూడండి, కడ్డీ బయటికి నెడుతుందేమో తెలుస్తుంది.

పాతవైండర్ | ఆదివారం, రాత్రి 10:41

టికటిక గారూ, రెండో పొర ఎదురు చుట్టి ఉంటే 600కి 600 చెల్లిపోయి 90 గ్రాములు కాదు కదా, గుండుసూదిని కూడా లాగేది కాదు. చుట్టడంలో తప్పు లేదు.

తలుపుగడియ బాబూ, నువ్వే రాసిన అంకెలు పక్కపక్కన పెట్టు. మొదట 600 చుట్లు, 1.67 ఆంపియర్లు. గుణిస్తే 1000. ఇప్పుడు 1200 చుట్లు, 0.755 ఆంపియర్లు అనుకో. గుణిస్తే 906. మా పనిలో దీన్ని ఆంపియర్-టర్నులు అంటాం. ఇనుముకు తెలిసింది ఆ లబ్ధం ఒక్కటే. చుట్లు ఎన్ని, కరెంటు ఎంత అని అది విడివిడిగా అడగదు.

చుట్లు రెండింతలైతే తీగ పొడవూ రెండింతలవుతుంది, నిరోధమూ రెండింతలవుతుంది. వోల్టేజీ అదే 12 కాబట్టి కరెంటు సగమవుతుంది. రెండింతలు, సగం చెల్లుకు చెల్లు. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ నీ రెండో 600 చుట్లు మొదటివాటి పైన కూర్చున్నాయి. బయటి చుట్టు చుట్టుకొలత ఎక్కువ. మొదటి ఐదు వరసల్లో ఒక్కో చుట్టుకు సగటున 49 మి.మీ. తీగ పడితే, తర్వాతి ఐదు వరసల్లో 59 పైనే పడుతుంది. అందుకే నిరోధం రెండింతలు దాటింది, లబ్ధం 1000 నుంచి 906కి జారింది. బలం దాని వర్గాన్ని బట్టి నడుస్తుంది. 0.906 వర్గం 0.82. 110ని 0.82తో గుణించి చూడు.

తలుపుగడియ | ఆదివారం, రాత్రి 10:47

90.2. అయ్యా, మీరు నా త్రాసును నా కంటే బాగా చదివారు. అంటే శనివారం మొత్తం వృథాయేనా?

పాతవైండర్ | ఆదివారం, రాత్రి 10:50

అది తర్వాత చెబుతాను. విప్పకు.

సూత్రధారి | సోమవారం, ఉదయం 6:20

పుస్తకం తప్పు చెప్పలేదు, కరెంటు మారకుండా ఉంటే అన్న మాటను మనం దాటేస్తాం. పొడవైన సోలినాయిడ్ మధ్యలో క్షేత్రం అంటే మీటరు పొడవుకు ఉన్న చుట్లు, కరెంటు, శూన్యపు ప్రవేశ్యశీలత (క్షేత్రాన్ని తనలోంచి ఎంత పోనిస్తుందో చెప్పే అంకె), ఈ మూడింటి లబ్ధం. పాఠంలో కరెంటు ఎక్కడి నుంచో స్థిరంగా వస్తుంది. ఇంట్లో మనకు స్థిరంగా దొరికేది వోల్టేజీ. సప్లై స్థిరమైన కరెంటు ఇచ్చేదైతే, మీ రెండో 600 చుట్లు బలాన్ని నాలుగింతలకు తీసుకెళ్లేవి.

మీ కాయిల్‌కే లెక్క వేస్తే, 1200 చుట్లు, 0.755 ఆంపియర్లు, 40 మి.మీ. పొడవు. ఇనుము లేకుండా లోపల 28.5 మిల్లీటెస్లాలు రావాలి (టెస్లా అంటే క్షేత్రానికి కొలమానం). పొడవు మరీ ఎక్కువ కాదు కాబట్టి నట్టనడుమ అందులో 92 శాతం ఉంటుంది. మూతి దగ్గరికి వచ్చేసరికి సుమారు సగమే. ఈ సగం అన్న సంగతి గుర్తుంచుకోండి, కడ్డీని లాగేది అదే.

టికటిక గారి ప్రశ్నకు కూడా: బ్యాటరీ తీగలు తారుమారు చేసినా మెత్తటి ఇనుము బయటికి పోదు. క్షేత్రం దిశ మారగానే ఇనుములో ప్రేరితమైన ధ్రువాలూ మారిపోతాయి, ఆకర్షణ ఆకర్షణగానే మిగులుతుంది. బలం క్షేత్రం వర్గం మీద ఆధారపడుతుంది, వర్గానికి రుణ చిహ్నం ఉండదు. కడ్డీలో శాశ్వత అయస్కాంతం ఉంటేనే దిశ మారడం కనిపిస్తుంది. నెట్టే రకం సోలినాయిడ్లు ఉన్నాయి కదా అంటారేమో. వాటిలోనూ ఇనుము లోపలికే లాగబడుతుంది. దాని ముందు బిగించిన సన్నటి ఇత్తడి పుల్ల అవతలి రంధ్రంలోంచి బయటికి పొడుచుకొస్తుంది, అంతే.

ఎందుకలా | సోమవారం, ఉదయం 8:05

ఒక సందేహం. లోపల క్షేత్రం అన్నిటికంటే ఎక్కువ నడుమ ఉంది. మరి కడ్డీ నడుమకు చేరితే బలం కూడా అక్కడే ఎక్కువగా ఉండాలి కదా?

సూత్రధారి | సోమవారం, ఉదయం 8:40

ఎందుకలా గారూ, ఒక చిన్న ప్రయోగం చేయండి. పొట్టి మేకును దారానికి కట్టి, నిలువుగా పెట్టిన కాయిల్ మూతిపైన వేలాడదీయండి. కరెంటు ఇస్తే లోపలికి లాక్కుంటుంది. దారాన్ని మెల్లగా వదులుతూ పోండి. మూతి దగ్గర వేలికి తెలిసిన ఆ గుంజుడు లోపలికి పోయేకొద్దీ తగ్గి, నడుమ మేకు ఊరికే ఉండిపోతుంది. అక్కడి నుంచి ఇంకా కిందికి నెట్టబోతే మళ్లీ నడుమకే వస్తానంటుంది.

ఇనుప ముక్క ఒక చివర ఉత్తర ధ్రువం, మరో చివర దక్షిణ ధ్రువం ఏర్పడతాయి. రెండు చివరలా క్షేత్రం ఒకేలా ఉంటే రెండు వైపులా గుంజుడు సమానం, ఫలితం సున్న. ఒక చివర బలమైన క్షేత్రంలో, మరో చివర బలహీనమైన క్షేత్రంలో ఉన్నప్పుడే ముక్క కదులుతుంది. అంటే ఇనుమును లాగేది క్షేత్రపు పరిమాణం కాదు, క్షేత్రం చోటు చోటుకూ మారే తీరు. మూతి దగ్గర ఆ మార్పు నిటారుగా ఉంటుంది, నడుమ చదునుగా ఉంటుంది.

ఎందుకలా | సోమవారం, ఉదయం 9:10

అర్థమైంది. ఇంకొకటి. ఇనుము ప్రవేశ్యశీలత 5000 అని పట్టికలో ఉంది. 28.5 మిల్లీటెస్లాలను 5000తో గుణిస్తే 142 టెస్లాలు. అంత క్షేత్రంతో 90 గ్రాములేనా?

పాతవైండర్ | సోమవారం, ఉదయం 9:32

142 టెస్లాలు ఆ బాబిన్‌లో పుడితే బీరువా తలుపు తెరుచుకోవడం కాదు, బీరువాయే కాయిల్‌లోకి వచ్చేసేది. మనిషి మొత్తం పట్టే ఎంఆర్‌ఐ స్కానర్లు మామూలుగా 1.5, 3 టెస్లాలవి.

సూత్రధారి | సోమవారం, మధ్యాహ్నం 1:15

ఈ గుణకారం చాలామంది చేస్తారు, నేనూ విద్యార్థిగా ఉన్నప్పుడు చేశాను. 5000 రెట్లు అన్నది గాలి ఖాళీ ఎక్కడా లేని ఇనుప ఉంగరానికి వర్తించే మాట. చివరలు తెరిచి ఉన్న కడ్డీకి కాదు. కడ్డీ చివర్లలో పుట్టిన ధ్రువాలే లోపల ఎదురు క్షేత్రాన్ని కల్పిస్తాయి. కడ్డీ ఎంత పొట్టిగా, లావుగా ఉంటే ఆ ఎదురుదెబ్బ అంత ఎక్కువ. మీ కడ్డీ 60 పొడవు, 12 లావు, అంటే ఒకటికి ఐదు. ఆ ఆకారానికి గరిష్ఠంగా దొరికేది సుమారు 18 రెట్లు. పదార్థం ప్రవేశ్యశీలత 5000 ఉన్నా, 50,000 ఉన్నా ఆ 18 పెద్దగా మారదు. ఖరీదైన మిశ్రలోహం కొని నిరాశ పడేవాళ్లు ఇక్కడే పడతారు.

రెండో హద్దు సంతృప్తత. ఇనుములో ఉన్న పరమాణు అయస్కాంతాలన్నీ ఒక దిశకు తిరిగిపోయాక ఇక తిప్పడానికి ఏమీ మిగలదు. శుద్ధ ఇనుముకు అది 2.15 టెస్లాల దగ్గర. మామూలు మెత్తటి ఉక్కు 1.6 దాటినప్పటి నుంచే మొరాయించడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇనుప ముఖం మీద చదరపు సెంటీమీటరుకు ఎంత బలం వస్తుందో క్షేత్రమే చెబుతుంది. క్షేత్రం వర్గాన్ని శూన్య ప్రవేశ్యశీలతకు రెండింతలతో భాగించాలి. 1 టెస్లా దగ్గర చదరపు సెంటీమీటరుకు సుమారు 4 కిలోల బరువంత. 2 టెస్లాల దగ్గర 16 కిలోలు. ఇనుము అక్కడ అడ్డుపడుతుంది కాబట్టి ఇనుప విద్యుదయస్కాంతాల బలానికి ఇంచుమించు అదే పైకప్పు. తలుపుగడియ గారి కడ్డీ ముఖం 1.13 చదరపు సెంటీమీటర్లు. ఒక టెస్లా దొరికినా నాలుగున్నర కిలోలు రావాలి. వస్తున్నది 90 గ్రాములు. కాయిల్ అంత బలహీనమైనదేం కాదు. పుట్టిన అభివాహం (అయస్కాంత రేఖల ప్రవాహం) సగానికి పైగా దారిని గాలిలో వెతుక్కుంటోంది.

స్పార్కు | సోమవారం, సాయంత్రం 5:02

సూత్రధారి గారు మెల్లగా చెప్పబోతున్నది నేను ఒక్క ముక్కలో అడుగుతాను. కాయిల్ చుట్టూ ఇనుప చట్రం ఉందా? లోపల కడ్డీకి ఎదురుగా ఇనుప దిమ్మ ఉందా?

తలుపుగడియ | సోమవారం, సాయంత్రం 6:30

లేవండి. ప్లాస్టిక్ బాబిన్, తీగ, కడ్డీ. అంతే. బయట ఇనుము పెడితే అయస్కాంతత్వాన్ని అది తన వైపు గుంజుకుని లోపల తగ్గిపోతుందనుకున్నాను. అందుకే స్టీలు క్లిప్పులు కూడా తీసేసి టేపు చుట్టాను.

పాతవైండర్ | సోమవారం, సాయంత్రం 7:15

అదే పెద్ద పొరపాటు. పాత సోలినాయిడ్ వాల్వు ఒకదాన్ని విప్పి చూడు, కాయిల్ ఎప్పుడూ ఇనుప పెట్టెలో కూర్చుని ఉంటుంది. దెబ్బలు తగలకుండా పెట్టిన తొడుగు అనుకుంటారు. కాదు, బలంలో సగం పని ఆ పెట్టెదే.

అభివాహం గుండ్రంగా తిరిగి తన చోటికే రావాలి, మధ్యలో తెగదు. లోపల కడ్డీ గుండా సాఫీగా వచ్చి, బయట ఊరంతా చుట్టి వస్తోంది నీ దగ్గర. రెండు చివర్లా మూడు మి.మీ. ఉక్కు పలకలు పెట్టి, పక్కన రెండు పట్టీలతో కలుపు. ఒక పలకకు కడ్డీ దూరేంత రంధ్రం. రెండో పలకకు లోపలి వైపు 12 మి.మీ. దిమ్మ ఒకటి బిగించు, కడ్డీ వచ్చి దానికే తగిలి ఆగాలి. అప్పుడు దారిలో మిగిలిన గాలి, కడ్డీకీ దిమ్మకూ మధ్య ఉన్న 5 మిల్లీమీటర్లే.

ఎందుకలా | సోమవారం, రాత్రి 8:00

పైన బయటి క్షేత్రాన్ని పట్టుకునే ఈ చట్రం పెద్ద సోలినాయిడ్లకూ ఉంటుందా?

సూత్రధారి | సోమవారం, రాత్రి 8:45

ఉంటుంది. సెర్న్ అనే యూరప్ కణభౌతిక ప్రయోగశాలలో ఉన్న సీఎంఎస్ (కాంపాక్ట్ మ్యూవాన్ సోలినాయిడ్) అనే కణ శోధకం పేరులోనే సోలినాయిడ్ ఉంది. దాని అతివాహక కాయిల్ లోపలి వ్యాసం 6 మీటర్లు, పొడవు 12.5 మీటర్లు, క్షేత్రం 3.8 టెస్లాలు. ఆ యంత్రం మొత్తం బరువు 14,000 టన్నులు. అందులో ఎక్కువ వాటా కాయిల్‌ది కాదు, అభివాహాన్ని వెనక్కి తెచ్చే ఉక్కు చట్రానిది. పాతవైండర్ గారి మూడు మి.మీ. పలకలకు అది పెద్దన్న.

పనిలో పనిగా ఇంకో మాట. సోలినాయిడ్ అనే పేరు పెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్. ఓర్‌స్టెడ్ 1820లో తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం చూశాక ఆ పరంపర మొదలైంది. స్టర్జన్ 1825లో చూపించిన విద్యుదయస్కాంతంలో గుర్రపు నాడా ఆకారపు ఇనుము బరువు 200 గ్రాములు, ఎత్తింది 4 కిలోలు. ఆయన ఇనుముకు వార్నిష్ పూసి దాని మీద తొడుగు లేని తీగ చుట్టాడు, కాబట్టి చుట్లు ఎడంగా ఉండాల్సి వచ్చింది, ఒక్క పొరే వీలైంది. తర్వాత జోసెఫ్ హెన్రీ తీగకే పట్టు తొడుగు వేసి పొరల మీద పొరలు చుట్టాడు. ఈ రోజు మనం ఎనామెల్ తీగతో చేస్తున్నది అదే పని.

టికటిక | సోమవారం, రాత్రి 9:20

చట్రం మాట సరే. అంత శ్రమ ఎందుకు, లావు తీగ చుట్టేస్తే పోలేదా? 0.4 మి.మీ. వాడితే నిరోధం తగ్గి కరెంటు పెరుగుతుంది.

పాతవైండర్ | సోమవారం, రాత్రి 9:55

పెరుగుతుంది, దానికి లెక్క చూద్దాం. అదే బాబిన్ చోటులో 0.4 తీగ 675 చుట్లు పడుతుంది. నిరోధం 5 ఓమ్‌లు. 12 వోల్టులకు 2.4 ఆంపియర్లు, ఆంపియర్-టర్నులు 1600 పైన. బలం మూడింతలకు పైగా పెరుగుతుంది. సంతోషమే. ఇప్పుడు వేడి చూడండి. ముందు 9 వాట్లు, ఇప్పుడు సుమారు 29 వాట్లు. అదీ మూడింతలే.

బలమూ ఆంపియర్-టర్నుల వర్గంతోనే పెరుగుతుంది, అదే చోటులో రాగి వేడీ ఆంపియర్-టర్నుల వర్గంతోనే పెరుగుతుంది. కాబట్టి బాబిన్ చోటు మారనంత కాలం ఏ తీగ చుట్టినా ఒక్కో వాటుకు దొరికే బలం ఒకటే. తీగ లావు మార్చడం అంటే ఆ కాయిల్‌ను ఏ వోల్టేజీకి అమర్చుకుంటున్నామో నిర్ణయించుకోవడం. అంతకు మించి ఏమీ రాదు. వేడి పెరగకుండా బలం పెరగాలంటే రెండే దారులు. రాగికి చోటు పెంచాలి, లేదా ఇనుము దారి బాగుచేయాలి. నా మట్టుకు నేను ఎప్పుడూ ముందు ఇనుమునే చూస్తాను.

వేడి ఊరికే కూర్చోదు కూడా. రాగి ఒక్కో డిగ్రీకి 0.39 శాతం చొప్పున నిరోధం పెంచుకుంటుంది. కాయిల్ 60 డిగ్రీలు వేడెక్కితే నిరోధం 24 శాతం పెరుగుతుంది, కరెంటు 81 శాతానికి పడుతుంది, బలం 65 శాతం మిగులుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, పది నిమిషాల తర్వాత మొండికేసే గడియలన్నిటి కథా ఇదే.

టికటిక | సోమవారం, రాత్రి 10:05

ఒప్పుకున్నాను. బలం, వేడి ఒకే తాడుకు కట్టి ఉన్నాయని ఇన్నాళ్లూ గమనించలేదు.

తలుపుగడియ | గురువారం, రాత్రి 9:30

చట్రం తయారైంది. పలకలు కోసి, ఆకురాయితో రుద్ది, దిమ్మను మరతో బిగించాను. కరెంటు ఇవ్వగానే కడ్డీ "టక్" మని దిమ్మకు కొట్టుకుంది. ఇంతకుముందు ఈ శబ్దమే రాలేదు! 5 మి.మీ. ఖాళీ దగ్గర 180 గ్రాములు. 1 మి.మీ. దగ్గర 1.4 కిలోలు. అదే కాయిల్, అదే 12 వోల్టులు.

గడియ తెరుచుకుంటోంది గానీ పదిసార్లలో రెండుసార్లు మొరాయిస్తోంది. 170 కావాలి, 180 ఉంది, మిగులు లేదు. ఇంకో సంగతి. నేనే సూత్రంతో లెక్క వేశాను. 906 ఆంపియర్-టర్నులు మొత్తం ఆ ఖాళీ మీదే పడితే 5 మి.మీ. దగ్గర 238 గ్రాములు, 1 మి.మీ. దగ్గర దాదాపు 6 కిలోలు రావాలి. మొదటిది కొంచెం తక్కువ, సరే. రెండోది నాలుగో వంతు కూడా లేదు. దగ్గరికి వచ్చేకొద్దీ తేడా ఇంత పెరుగుతోందేం?

సూత్రధారి | శుక్రవారం, ఉదయం 6:35

చాలా మంచి కొలతలు. మీ కొలతలోనే జవాబు ఉంది. దారిలో గాలి ఇంకెక్కడో ఉంది, అది కడ్డీతో పాటు మారడం లేదు. కడ్డీ దూరంగా ఉన్నప్పుడు ఆ స్థిరమైన గాలి లెక్కలోకి రాదు, దగ్గరికి వచ్చేసరికి అదే పెద్దదవుతుంది.

కడ్డీ లోపలికి దూరే పలక రంధ్రం దగ్గర చూడండి. కడ్డీకీ పలకకూ మధ్య బాబిన్ గొట్టం గోడ 0.75, దాని లోపల వదులు 0.25. మొత్తం చుట్టూ ఒక మిల్లీమీటరు గాలి. అయస్కాంతానికి ప్లాస్టిక్ కూడా గాలే. పలక మందం 3 మి.మీ., కడ్డీ చుట్టుకొలత 37.7. గుణిస్తే 113 చదరపు మిల్లీమీటర్లు. కడ్డీ ముఖం వైశాల్యం? అదీ 113! అంటే ఆ పక్క ఖాళీ, దిమ్మ ముందు ఉన్న ఒక మిల్లీమీటరు ఖాళీతో సరిసమానం. 1 మి.మీ. దగ్గర మీ ఆంపియర్-టర్నుల్లో సగం దానికే పోతోంది. సగం క్షేత్రానికి నాలుగో వంతు బలం. 6 కిలోల్లో నాలుగో వంతు ఒకటిన్నర. మీకు 1.4 వచ్చింది. మిగిలిన కాస్తా ఇనుము తిన్నది.

పాతవైండర్ | శుక్రవారం, ఉదయం 7:10

మందు కూడా చెప్పేస్తాను. పలక రంధ్రం దగ్గర కడ్డీ చుట్టూ ఉక్కు కాలరు ఒకటి బిగించు. కడ్డీ పొడవునా 12 మి.మీ. మేర కప్పాలి, బయటి వైపుకే ఉండాలి. వైశాల్యం నాలుగింతలు అవుతుంది, ఆ పక్క ఖాళీ పావు మిల్లీమీటరుతో సమానమైపోతుంది. వీలైతే అక్కడ ప్లాస్టిక్ గోడ లేకుండా సన్నటి ఇత్తడి గొట్టం వాడు, ఇంకా మేలు.

ఒక్క హెచ్చరిక. కడ్డీ కాలరు నడుమ సరిగ్గా కూర్చోవాలి. ఏ వైపు కొంచెం దగ్గరైతే ఆ వైపు గుంజుడు ఎక్కువై మరింత దగ్గరవుతుంది. నడుమ నిలబడటం దాని స్వభావంలోనే లేదు. అలా పక్కకు అతుక్కుని రాసుకుంటే ఘర్షణ నీ గ్రాములన్నీ తినేస్తుంది. ఇత్తడి గొట్టం అందుకు కూడా.

స్పార్కు | శుక్రవారం, ఉదయం 9:00

కాయిల్‌కు అడ్డంగా డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చేది) పెట్టారా? కరెంటు ఆపిన క్షణంలో 1200 చుట్ల కాయిల్ వందల వోల్టుల పోటు ఇస్తుంది, కాయిల్‌కు స్విచ్‌లా పెట్టిన ట్రాన్సిస్టర్ పోతుంది.

తలుపుగడియ | శుక్రవారం, ఉదయం 9:04

పెట్టానండి. ఒక ట్రాన్సిస్టర్ పోయాక.

తలుపుగడియ | ఆదివారం, సాయంత్రం 4:20

కాలరు బిగించాను. ఇత్తడి గొట్టం దొరకలేదు, ఉన్న బాబిన్ గోడనే ఉంచాను. 5 మి.మీ. దగ్గర 210 గ్రాములు, 1 మి.మీ. దగ్గర 3 కిలోలు. యాభైసార్లు నొక్కాను, యాభైసార్లూ తెరుచుకుంది.

కానీ ఇప్పుడు కొత్త తలనొప్పి. కరెంటు ఆపినా కడ్డీ దిమ్మను వదలడం లేదు. వేలితో కొడితే అప్పుడు వదులుతోంది. కొన్నిసార్లు ఒక క్షణం ఆగి తనంతట తానే వస్తోంది.

పాతవైండర్ | ఆదివారం, సాయంత్రం 5:00

పని బాగా చేశావనడానికి అదే గుర్తు. ఖాళీ పూర్తిగా మూసుకుపోతే ఇనుములో మిగిలిన కాస్త అయస్కాంతత్వమే పట్టుకుని కూర్చుంటుంది. దిమ్మ ముఖం మీద 0.3 మి.మీ. ఇత్తడి బిళ్ల అతికించు. ఫ్యాక్టరీలో చేసినవాటిలోనూ ఇలాంటి బిళ్ల ఉంటుంది, విప్పినప్పుడు పారేసి తర్వాత మా దగ్గరికి తెస్తుంటారు.

స్పార్కు | ఆదివారం, సాయంత్రం 5:25

ఆలస్యంగా వదలడానికి డయోడ్ కూడా కారణం. కరెంటు దాని గుండా తిరుగుతూ మెల్లగా చస్తుంది. డయోడ్‌తో వరసలో 24 వోల్టుల జీనర్ (ఆ వోల్టేజీ దాటితేనే ఎదురు దిశలో కరెంటును వదిలే డయోడ్) ఎదురుగా పెడితే త్వరగా వదులుతుంది. ట్రాన్సిస్టర్ ఆ వోల్టేజీని తట్టుకునేదై ఉండాలి.

ఇంకో ఉపాయం. లోపలికి వచ్చాక 3 కిలోల బలం ఎవరికి కావాలి? మొదట పూర్తి కరెంటు ఇచ్చి, కడ్డీ చేరాక నాలుగో వంతుకు తగ్గించండి. కార్ల స్టార్టర్ సోలినాయిడ్‌లో ఇదే పని రెండు కాయిల్స్ చేస్తాయి. లాగే కాయిల్, పట్టి ఉంచే కాయిల్ కలిసి కడ్డీని తెస్తాయి. లోపల కాంటాక్టులు కలవగానే లాగే కాయిల్ రెండు చివర్లకూ ఒకే వోల్టేజీ వచ్చి అది తనంతట తానే ఆగిపోతుంది. పట్టి ఉంచేది ఒక్కటే మిగులుతుంది.

ఎందుకలా | ఆదివారం, రాత్రి 7:40

త్రాసు లేకుండా బలం తెలుసుకునే దారి ఉందా? నా దగ్గర స్ప్రింగ్ త్రాసు లేదు, ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, నిరోధం కొలిచేది) ఉంది.

సూత్రధారి | ఆదివారం, రాత్రి 8:30

ఉంది, నాకు ఇష్టమైన దారి అది. కడ్డీ లోపలికి వచ్చేకొద్దీ కాయిల్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును కాయిల్ అడ్డుకునే గుణం, కొలమానం హెన్రీ) పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు కదిలితే అది ఎన్ని మిల్లీహెన్రీలు పెరిగిందో చూడండి. మిల్లీహెన్రీని మిల్లీమీటరుతో భాగిస్తే హెన్రీ పర్ మీటరే. దాన్ని కరెంటు వర్గంతో గుణించి సగం చేయండి. వచ్చేది న్యూటన్లలో బలం. ఇనుము సంతృప్తతకు దూరంగా ఉన్నంతవరకు ఇది నిక్కచ్చిగా పనిచేస్తుంది. మీటర్‌ను 100 లేదా 120 హెర్ట్జ్‌ల దగ్గర పెట్టండి. ఒక కిలోహెర్ట్జ్ దగ్గర పెడితే కడ్డీలో పుట్టే సుడి ప్రవాహాలు అంకెను తగ్గించి చూపిస్తాయి.

తలుపుగడియ | మంగళవారం, రాత్రి 10:10

స్నేహితుడి మీటర్ తెచ్చి నేనూ చూశాను. కడ్డీ 5 మి.మీ. దగ్గర ఉంటే 62 మిల్లీహెన్రీలు, 4 మి.మీ. దగ్గర 71. తేడా 9. కరెంటు వర్గం 0.57. సగం చేస్తే 2.57 న్యూటన్లు, అంటే 262 గ్రాములు. ఆ రెండింటి మధ్య, నాలుగున్నర దగ్గర త్రాసు 250 చూపించింది. కడ్డీని ముట్టుకోకుండా, లాగకుండా బలం ఇలా బయటపడటం చూసి చాలాసేపు ఆ మీటర్‌నే చూస్తూ కూర్చున్నాను.

ఇత్తడి బిళ్ల పెట్టాను, అతుక్కోవడం పోయింది. జీనర్ ఇంకా పెట్టలేదు, అవసరం కనిపించలేదు.

పాతవైండర్ గారూ, ఒక బాకీ ఉండిపోయింది. రెండో 600 చుట్లు విప్పేయనా? విప్పితే ఆంపియర్-టర్నులు మళ్లీ 1000 అవుతాయి కదా.

పాతవైండర్ | బుధవారం, ఉదయం 6:50

విప్పితే బలం 22 శాతం పెరుగుతుంది. వేడి 9 వాట్ల నుంచి 20 వాట్లకు పోతుంది. ఎవరైనా బటన్ మీద చెయ్యి పెట్టి మాటల్లో పడితే ఆ ప్లాస్టిక్ బాబిన్ గతి ఏమిటో ఆలోచించు. నీ శనివారం బలాన్ని కొనలేదు, చల్లదనాన్ని కొన్నది. ఆ కాయిల్‌ను అలాగే ఉంచి, పైన వార్నిష్ పూసి ఆరబెట్టు. కాలరు మరలు ఇంకోసారి బిగించు, ఆ "టక్" దెబ్బలకు అవి వదులవుతాయి.

తలుపుగడియ | బుధవారం, రాత్రి 9:15

వార్నిష్ పూశాను. మరలు నిజంగానే పావు వంతు తిరిగాయి.